డాక్టరమ్మ మాన్పించిన అన్నం

మూడో కాన్పు తర్వాత నాకు బొడ్డు పక్కన పేగు జారింది. దగ్గినా, నీళ్ళబిందె ఎత్తినా అక్కడ నిమ్మకాయంత ఉబ్బేది. వేలితో నొక్కితే లోపలికి పోయేది. అలా నొక్కుకుంటూనే కొన్నాళ్ళు బళ్ళో పాఠాలు చెప్పాను. అప్పుడు మేం నరసరావుపేటలో ఉండేవాళ్ళం. నేను ఎలిమెంటరీ బడిలో టీచర్ని, మా ఆయన పత్తి మిల్లులో గుమాస్తా. నొప్పి ఓర్చుకోలేని రోజు వచ్చాక ఆయన నన్ను మిషనాసుపత్రికి తీసుకెళ్ళారు.

అక్కడి డాక్టరమ్మ తెల్లదొరసాని. మన దేశం వచ్చి ఎన్నో ఏళ్ళయింది గానీ తెలుగు ముక్కలు ముక్కలుగానే వచ్చేది. నా పొట్ట నొక్కి చూసి, "కొవ్వు చానా ఉంది. కోస్తే కుట్టు నిలవదు. సన్నబడి రా, అప్పుడు ఆపరేషన్. పేగు బయట ఉంటే ప్రాణం పోతుంది" అంది.

"ఏం తినాలండీ?" అనడిగాను.

"అన్నం వద్దు. నెయ్యి వద్దు. నూనె వద్దు. పొద్దున చక్కెర లేని జావ. మధ్యాహ్నం, రాత్రి జొన్నరొట్టె, కూర, నీళ్ళమజ్జిగ. అంతే."

ఇంటికొచ్చి చెప్పగానే మా అత్తమ్మ మొహం మాడిపోయింది. ఆమెది బెల్లంకొండ దగ్గర పల్లె. పుట్టినప్పట్నుంచీ జొన్నన్నం, జొన్నసంకటి తిని పెరిగిన మనిషి. కొడుక్కి ఉద్యోగం వచ్చి పేటలో కాపురం పెట్టాకే ఆమె రోజూ వరన్నం చూసింది. పొద్దునా సాయంత్రం తెల్లన్నం వండి పెట్టడం ఆమెకు గొప్ప.

"జొన్నలు వదిలించుకుని ఇంత దూరం వస్తే మళ్ళీ జొన్నలేంది? ఆ దొరసానికేం తెలుసు? నా కోడలికి నేను తిండి పెట్టట్లేదనుకోరూ?" అంది.

"డాక్టరమ్మ చెప్పింది అత్తా" అన్నాను.

"సరే, రొట్టె నేనే చేసి పెడతాలే. నీకు చేతకాదు" అని ఆ పని తన చేతుల్లోకి తీసుకుంది.

మొదటి వారం ఏదో పట్టుదల మీద గడిచింది. తర్వాత ఆకలి నాతో కాపురం పెట్టింది. ఇంకో మాట లేదు దానికి. లేచేటప్పటికి నా కంటే ముందే లేచి కూర్చునేది. జావ తాగిన కాసేపటికే కడుపు మళ్ళీ ఖాళీ. నీళ్ళు తాగమన్నారు, చెంబులకు చెంబులు తాగాను. దోసకాయ ముక్కలు నమిలాను. కొంగున సోంపు కట్టుకుని బళ్ళో రెండేసి గింజలు నోట్లో వేసుకునేదాన్ని. ఆకలేసినప్పుడు పాట పాడుకోమని చర్చిలో ఒక పెద్దావిడ చెప్పింది. రెండో చరణం దాటాక పాటలో మాటలకు బదులు గోంగూర పచ్చడి గుర్తొచ్చేది.

అన్నిటికంటే చెడ్డ సమయం బళ్ళో మధ్యాహ్నం. ఆ రోజుల్లో పిల్లలకు బయటి దేశం నుంచి వచ్చిన పసుపు రవ్వతో ఉప్మా చేసి పెట్టేవాళ్ళు. వడ్డించేటప్పుడు దగ్గరుండి చూడాల్సింది నేను. అంతకు ముందు ఆ ఉప్మా అంటే నాకు మొహం మొత్తేది, ఒక రకం వాసన. ఇప్పుడు ఆవాలు చిటపటమనగానే నోట్లో నీళ్ళు ఊరేవి. పిల్లలు ఆకుల్లో పెట్టించుకుని గబగబా తింటుంటే నేను గోడకు ఆనుకుని నిలబడేదాన్ని. ఒకమ్మాయి రోజూ అడిగేది, "టీచరమ్మా, మీరు తినరా?" అని. పొద్దున పూట నాకు ముద్దుగా ఉండే ఆ పిల్ల మీద ఆ వేళకు విసుగొచ్చేది. "నువ్వు తిను ముందు" అని కసిరేదాన్ని.

వీధిలో చెప్పుకోవడానికీ లేదు. వానలు సరిగ్గా లేని ఏడాది అది. కూలి దొరక్క జనం ఒంటిపూట తింటున్నారు. ఎదురింటి పిన్ని, "తినడానికున్నా మానుకునే జబ్బు ఎక్కడన్నా ఉందంటే అది నీకే" అని మొహమ్మీదే నవ్వింది. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? కానీ నా కడుపులో మంట నాది. అది ఎవరికీ ఆకలి కింద లెక్కకు రాలేదు.

ఇంట్లో మా ఆయన ఒకరు. మనిషి ఈనెపుల్లలా ఉండేవారు, ఎంత తిన్నా ఒంటికి పట్టేది కాదు. నా ఎదురుగా కూర్చుని గోంగూరలో పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ రెండోసారి అన్నం పెట్టించుకునేవారు. "కాస్త అవతల కూర్చుని తినండి" అన్నాను ఒకసారి. "నేనేం చేశానే?" అన్నారు పాపం. ఏమీ చేయలేదు. అదే నా కోపం.

ఇంత చేసినా ఒళ్ళు తగ్గలేదు. మా ఆయన నన్ను ఆదివారం ఆరాధన అయ్యాక మిల్లుకు తీసుకెళ్ళి పత్తి బోరాలు తూచే కాటా మీద నిలబెట్టేవారు. సెలవురోజు కాబట్టి చూసేవాళ్ళుండరు. మొదట కొంచెం తగ్గాను. తర్వాత ముల్లు కదలడం మానేసింది. ఒక ఆదివారం కాస్త పెరిగాను కూడా. ఆయన కాటా తప్పేమోనని ఒక బోరా తూచి చూశారు. కాటా సరిగ్గానే ఉంది. నేను అక్కడే పత్తి మధ్య కూర్చుని ఏడ్చాను. ఆకలితో చస్తూ లావెక్కిన మనిషిని నన్ను తప్ప ఎవర్నీ చూళ్ళేదు.

మర్నాడు బడికి ఒంటిపూట సెలవిచ్చారు. ఇంటికొచ్చి వెనక గుమ్మంలోంచి వంటింట్లోకి అడుగుపెట్టాను. అత్తమ్మ పీట మీద కూర్చుని నా రొట్టెకు పిండి కలుపుతోంది. పక్కన నేతిగిన్నె. అందులోంచి కరిగిన నెయ్యి పిండిలోకి వంపుతోంది. ఈమధ్య రొట్టె అంత మెత్తగా ఎందుకుందో అప్పుడర్థమైంది. ఆమె చెయ్యి తిరిగిందనుకుని మెచ్చుకున్నాను కూడా. పొద్దున మిగిలిన నా జావ గిన్నె మూత తీశాను. పైన మీగడ తేలుతోంది.

"ఎన్నాళ్ళ నుంచి ఈ పని?" అని అరిచాను.

"అరవకే. ఒక్క చెంచాడు."

"చెంచాడా? నేను నీళ్ళు తాగి బతుకుతున్నానత్తా! బళ్ళో పిల్లల ముందు నోరు కట్టుకుని నిలబడుతున్నా. అదంతా మీరు నేతిలో కలిపేశారు!"

ఆమె చేతులు పిండిలోంచి తీయలేదు. అలాగే చెప్పింది. ఆమె చిన్నప్పుడు ఒక కరువొచ్చిందట. చెల్లెలు అన్నం కావాలని రోజుల తరబడి అడిగీ అడిగీ, ఒక రోజు అడగడం మానేసిందట. ఆ పిల్ల దక్కలేదు.

"పళ్ళెం ముందు నుంచి లేచేటప్పుడు నీ చూపు అట్టాగే ఉంటుంది. నేను చూడలేనే. ఏం చెయ్యమంటావు నన్ను?" అంది.

జాలేసింది. జాలేసినా కోపం పోలేదు. నా బాధ నేను పడటానిక్కూడా ఆమెకు సర్దిచెప్పాల్సి వచ్చింది.

"పేగు బయటే ఉంటే నేనూ దక్కను. డాక్టరమ్మ చెప్పిందదే" అన్నాను.

ఆ తర్వాత నా రొట్టె నేనే చేసుకున్నాను. పెళుసుగా వచ్చేది, అంచులు విరిగిపోయేవి. నేను తినే వేళకు అత్తమ్మ లేచి ఎదురింటి పిన్ని అరుగు మీద కూర్చునేది. నేను కంచం కడిగిన చప్పుడు విన్నాకే తిరిగొచ్చేది. కాటా ముల్లు మళ్ళీ కదిలింది, చానా నెమ్మదిగా. ఆకలికి అలవాటు పడతావని అందరూ అన్నారు. పడలేదు. జాకెట్లు వదులయ్యాయి, బుగ్గలు లోపలికి పోయాయి, ఆకలి మాత్రం మొదటి రోజులాగే ఉంది.

ఎండాకాలం సెలవుల్లో డాక్టరమ్మ నన్ను చూసి, "బాగుంది, ఇప్పుడు కోస్తాను" అంది. కోసింది. కుట్లు నిలిచాయి. కొన్నాళ్ళకు, ఇక మెత్తటి అన్నం తినొచ్చని చెప్పింది. ఆ మాట కోసం నేను ఎన్ని నెలలు ఎదురుచూశానో ఆ దేవుడికి తెలుసు. అత్తమ్మ క్యారియర్‌లో అన్నం, పప్పుకట్టు తెచ్చి మంచం పక్కన కూర్చుని కలిపింది. రెండు ముద్దలు తిన్నాను. మూడో ముద్ద గొంతు దిగలేదు. ముద్దలో కూడా ఆసుపత్రి మందుల వాసనే. పళ్ళెం నిండా అన్నం ఉంది, తినొచ్చు, తినలేను. ఒళ్ళు మండిపోయి ఏడుపొచ్చింది.

"ఏడవకే, కుట్లు లాగుతాయి. రేపు తిందువుగానిలే" అంది అత్తమ్మ. పళ్ళెం తన ఒళ్ళోకి లాక్కుని, మిగిలినదంతా మెతుకు వదలకుండా తనే తినేసింది.