వినకుండా పెట్టిన సంతకాలు

జగిత్యాల డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఇంగ్లిషులో పేపర్ రాయడం మాత్రం గండం. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుల మీద రాసిన పేపర్‌ను జర్నల్‌కు పంపడానికి అది ఆఖరి రోజు. నా ప్రమోషన్ దాని మీదే ఆగి ఉంది. ముందురోజు రాత్రి భాష దిద్దమని ఏఐకి ఇస్తే నిమిషాల్లో నా ఇంగ్లిషు సూటు తొడుక్కుని వచ్చింది. మురిసిపోయి, అసలుతో పోల్చి చూడనే లేదు. ఎంత చదివితే ఏం, బద్ధకం బద్ధకమే.

తమ మాటలు అచ్చువేసుకోవచ్చని నాతో మాట్లాడినవాళ్ల సంతకాలు కావాలన్నారు జర్నల్ వాళ్లు. పన్నెండు మందిలో పదకొండు మంది ముందే పెట్టేశారు. మిగిలింది ఒక పెద్దాయన, జీవితమంతా మరమగ్గాలు, ఆయన మాటలో సాంచాలు, నడిపిన మనిషి. పొద్దున్నే నేనుండే కోరుట్లలో బస్సెక్కి సిరిసిల్ల వెళ్లి ఆయన ముందు కాగితం పెట్టాను.

"సదువు బిడ్డా. ఇనకుండ నేను దేనికీ సంతకం పెట్టలే" అన్నాడు.

ఇంగ్లిషు చూస్తూ తెలుగులో చెబుతూ పోయాను. "సాంచాల చప్పుడుకు నాకు నిద్ర లేదు, నా బతుకు చీకటైంది" అనగానే చెయ్యెత్తి ఆపాడు.

"గీ ఏడ్సేటోడు ఎవడు?"

"నువ్వే కాకా."

"నేనెప్పుడేడ్సిన?"

ఫోన్‌లో రికార్డింగ్ పెట్టాను. ఆయన గొంతే, నవ్వుతూ: "సాంచాలు బందైతెనే నాకు నిద్ర పట్టది బిడ్డా."

చప్పుడు ఆగితే నిద్ర పట్టకపోవడమేంటి, పొరపాటనుకుందేమో ఏఐ, తిప్పి రాసి పైన కాస్త కన్నీరు చల్లింది. నాకు సిగ్గేసింది. పేపర్ మొత్తంలో నాకు బాగా నచ్చిన వాక్యం ఆ ఏఐ రాసిందే. అక్కడే కూర్చుని ఆయన మాటను ఆయన మాటగా పెట్టాను. ఏఐతో ఏ పని చేయించానో చివర రాశాను. ఆయన సంతకం పెట్టి టీ తెప్పించాడు.

లేవబోతుంటే అడిగాడు. "మిగిలినోళ్లు?"

"సంతకాలు పెట్టిండ్రు కాకా."

"ఇన్నరా అని అడుగుతున్న."

వినలేదు. నన్ను నమ్మి పెట్టారు. ఆ రోజు పేపర్ పంపలేదు. ఆ పదకొండు మందిలో ఒకరైన, పక్క సందులో నూలు కండెలు చుట్టే ఆమె దగ్గరికి ముందు వెళ్లాను. ఆమె పని ఆపి విన్నది. "ఈ పని నాకు శిక్ష" అని చదివినప్పుడు నా మొహంలోకి చూసింది.

"నేను గట్లనలే మేడం" అంది. మళ్లీ కండె అందుకుంటూ, "గని మీరే రాసిండ్రంటె, అన్ననేమో" అంది.