మొదటి వరసలో రచయిత

నా పేరు మీద నాలుగు పుస్తకాలు ఉన్నాయి. నేను రాస్తున్న మొదటి రచన మాత్రం ఇదే. ఆ నాలుగూ మావారు రాశారు.

ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఇంతకాలం పట్టిందా అని మీరు అడగొచ్చు. అప్పట్లోనే చెప్పాను. వేదిక ఎక్కి, మైకు ముందు నిలబడి, అమలాపురం పెద్దలందరూ వింటుండగా చెప్పాను. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు మనవాళ్ళు. నిజం కూడా అతికినట్టుండాలని నాకు ఆ రోజే తెలిసింది.

నేను రాజోలులో ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఆయన పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తా. ఆయనకి నత్తి. ఎవరైనా ఫైలు గురించి అడిగితే ఫైలే తెచ్చి చేతిలో పెట్టేవారు తప్ప నోరు విప్పేవారు కాదు. పెళ్ళిచూపుల్లో నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. ఎంత మర్యాదస్తుడో అని మా అమ్మ మురిసిపోయింది. మాట పెగలని మనిషి లోపల ఎన్ని కబుర్లుంటాయో నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. తెల్లవారుజామునే లేచి, నేను పొయ్యి రాజేసేలోపు కిటికీ దగ్గర కూర్చుని పిల్లల కథలు రాసేవారు. రాసింది తెచ్చి నా ముందు పెట్టేవారు. నేను పరీక్ష పేపర్లు దిద్దినట్టే ఎర్ర సిరాతో తప్పులు దిద్ది, పదికి ఇన్ని అని మార్కులు కూడా వేసేదాన్ని. అదొక సరదా మాకు.

డెబ్భైల్లో పత్రికల్లో ఆడపేర్లకి మహా గిరాకీ. మీసాలున్న వాళ్ళే అక్కయ్యలై, పిన్నులై రాసేసేవారు. ఒకరోజు మావారు వారపత్రిక తెచ్చి పిల్లల పేజీ తీసి చూపించారు. కొబ్బరికాయ కథ. కింద నా పేరు.

"ఇదేంటండీ" అన్నాను.

ఆయనకి మొదటి అక్షరం దగ్గర చాలాసేపు పట్టింది. "నా పేరుంటే ఎవరో ఒకరు పిలుస్తారు. పిలిస్తే మాట్లాడాలి" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. "కొబ్బరికాయ మీద కథ రాసినోళ్ళని ఎవరు పిలుస్తారండీ" అన్నాను.

ఆ కథ ఇది. ఒక తోటలో ఒక కాయ ఉంటుంది. దింపు తీసేవాడు చెట్టెక్కినప్పుడల్లా అది మట్టల చాటున దాక్కుంటుంది. పక్క కాయలన్నీ దిగిపోతాయి. ఇది మాత్రం దిగనంటుంది. వానలొస్తాయి, ఎండలొస్తాయి, అది పైనే ఉంటుంది. కథ అక్కడితో అయిపోతుంది. నేను పదికి ఆరు వేశాను. ముగింపు లేదని నాలుగు కోశాను.

కథలన్నీ కలిపి రాజమండ్రి ప్రెస్సు ఒకటి పుస్తకం వేసింది. అట్ట మీద కొబ్బరిచెట్టు, చెట్టు కింద నా పేరు. ఇంక అక్కణ్ణించి మొదలైంది పిలవడం.

మొదటి ఆవిష్కరణ అమలాపురంలో. పుస్తకాల కట్టకి రంగుకాగితం చుట్టి రిబ్బను బిగించి కట్టారు. ఆవిష్కరించడానికొచ్చిన ప్లీడరుగారికి ముడి విడలేదు. చివరికి పళ్ళతో లాగారు. పుస్తకం తెరిచి చూడకుండానే కొబ్బరి తోటల తెగుళ్ళ గురించి అరగంట మాట్లాడారు. ఆయనకి తోటలున్నాయి పాపం. నాకు శాలువా కప్పారు. నేను "అందరికీ వందనాలండి" అని కూర్చున్నాను. మొదటి వరసలో మావారు చప్పట్లు కొడుతున్నారు. ఆ మొహంలో అంత వెలుగు నేను అంతకు ముందు చూడలేదు. అది చూసే ఊరుకున్నాను. ఒక్కసారే కదా అనుకున్నాను.

తర్వాత మలికిపురం కొబ్బరి వర్తకులు వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా పిలిచారు. కురిడీ కొబ్బరి ధర మీద తీర్మానాలు చేస్తున్న పెద్దమనుషుల మధ్య నన్ను కూర్చోబెట్టి కథ చెప్పమన్నారు. చెప్పాను. కొత్తపేటలో, ముమ్మిడివరంలో బడి వార్షికోత్సవాలు. బండారులంకలో ఒక నేతగాడు అంచు నిండా కొబ్బరిచెట్లు నేసి చీర పెట్టాడు. మంచి చీర. కానీ ఇంక ఎక్కడికి వెళ్ళినా ఆ చీరే కట్టుకు రమ్మనేవారు. మానేస్తే "అమ్మగారు చీర కట్టుకు రాలేదేంటండీ" అని నొచ్చుకునేవారు. మా ప్రాంతంలో కాదనడం ఎవరికీ రాదు. ఎదటివాళ్ళు "తప్పకుండా రావాలండి" అంటారు, మన నోట్లోంచి "ఆయ్" అని వచ్చేస్తుంది. ఆదివారం ఒక్కటీ ఇంట్లో ఉన్నది లేదు.

ప్రశ్నలే పెద్ద గండం. బస్సులో దారంతా ఆయన చీటీల మీద జవాబులు రాసిస్తే నేను బట్టీ పట్టేదాన్ని. మీకు ప్రేరణ ఎవరండీ అంటే మా నాన్నమ్మ చెప్పిన కథలండి అనాలి. మా నాన్నమ్మ నాకు జన్మలో కథ చెప్పలేదు, చీవాట్లు తప్ప. బట్టీకి అందని ప్రశ్నలకి ఒక ఏర్పాటు చేసుకున్నాం. జవాబు అవును అయితే ఆయన కళ్ళజోడు సర్దుకుంటారు. కాదు అయితే జేబురుమాలు తీస్తారు. ఒకసారి ముమ్మిడివరంలో ఆయనకి జలుబు చేసింది. రుమాలు ముక్కు దగ్గర్నుంచి దిగలేదు. పిల్లలంటే ఇష్టమా అన్నా కాదన్నాను, చిన్నప్పుడు కథలు చదివేవారా అన్నా కాదన్నాను, రాజోలు నుంచే వచ్చేరా అంటే దానికీ కాదన్నాను. మహా చమత్కారంగా మాట్లాడేరండీ అని మెచ్చుకున్నారు. వచ్చేటప్పుడు బస్సులో ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వుకున్నాం. అలా నవ్వుకున్న రోజులూ ఉన్నాయి. లేవని అంటే తప్పవుతుంది.

ఒక్క ప్రశ్నకి మాత్రం ఆయన దగ్గర కూడా జవాబు లేదు. ఏ ఊరెళ్ళినా ఎవడో ఒక గడుగ్గాయి లేచి, "ఆ కాయ ఆఖరికి దిగిందాండీ?" అని అడిగేవాడు. నేను మొదటి వరస కేసి చూసేదాన్ని. ఆయన చేతులు ఒళ్ళోంచి కదిలేవి కాదు. ఇంటికొచ్చాక నిలదీస్తే "నాకూ తెలీదు" అనేవారు. రాసినాయనకే తెలీకపోతే నేనేం చెప్పను?

రానురానూ నాకు ఊపిరాడడం మానేసింది. బళ్ళో పిల్లలు చాటుగా కొబ్బరికాయ టీచరని పేరు పెట్టారు. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరుగారు నల్లబల్ల మీద నేను వేసిన రేఖాగణితం బొమ్మని కన్నెత్తి చూడలేదు. కథ చెప్పండి మేడమ్ అన్నారు. మా పదో తరగతిలో ఒక్క పిల్ల కూడా లెక్కల్లో తప్పలేదు ఆ యేడు. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. అదే నేను నిజంగా చేసిన పని. ఒళ్ళు మండిపోయింది నాకు. మా చర్చిలో పాస్టరుగారు ప్రసంగం మధ్యలో, "దేవుడు మన సంఘంలో ఒక సహోదరికి కథలు రాసే గొప్ప తలాంతు ఇచ్చేడు" అన్నారు. ఆడవాళ్ళందరూ నాకేసి తిరిగారు. అబద్ధ సాక్ష్యం కూడదని చిన్నప్పుడే సండే స్కూల్లో వల్లించినదాన్ని. తల వంచుకు కూర్చున్నాను. అవతల మగవాళ్ళ వేపు ఆయన కూడా తల వంచుకునే ఉన్నారు.

"వచ్చే కూర్పుకి మీ పేరు వేసుకోండి" అని ఎన్నిసార్లు అడిగానో. "చూద్దాం" అనేవారు. మా ఊళ్ళలో చూద్దాం అంటే చూడం అని అర్థం.

ఎనభైల మొదట్లో, నాలుగో పుస్తకం వచ్చాక, అమలాపురంలో పెద్ద పందిరి వేసి పిల్లల పండగ చేశారు. ఆ సభలో నాకు ఒక బిరుదు ఇస్తారని ముందే కబురు వచ్చింది. శాలువా అయితే పెట్టెలో పెట్టేయొచ్చు. బిరుదు పేరుకి అతుక్కుంటుంది, చచ్చినా ఊడదు. ఆయన పేరు ఆయనకి ఇచ్చేయడానికి ఇదే ఆఖరి అవకాశం అనుకున్నాను. ఆయనతో చెబితే చూద్దామంటారని చెప్పలేదు.

నా వంతు వచ్చింది. మైకు పట్టుకున్నాను.

"ఈ పుస్తకాలు నేను రాయలేదండి. మావారు రాసేరు. అదిగో, మొదటి వరసలో కూర్చున్నారు" అన్నాను.

ఒక్క క్షణం హాయిగా ఉంది నాకు. అధ్యక్షులుగా ఉన్న రిటైరైన హెడ్మాస్టారు లేచి మైకు అందుకున్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"చూసేరా అండీ సంస్కారం? ఇంత పేరొచ్చినా, అంతా మా ఆయనదేనంటున్నారు అమ్మగారు. ఆడపిల్లలందరూ నేర్చుకోవాలండి ఇది."

చప్పట్లు మోగిపోయాయి.

"వినయం కాదండి, నిజం చెబుతున్నాను" అన్నాను. చప్పట్లు ఇంకా పెరిగాయి. వెనక వరసల్లో ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నారు. అడకత్తెరలో పోకచెక్కనైపోయాను.

హెడ్మాస్టారు నవ్వుతూ కిందకి చూశారు. "ఏవండీ గుమాస్తాగారూ, తమరే సెలవియ్యండి. తమరు రాసేరాండీ?"

ఆయన లేచి నిలబడ్డారు. చేతులు జోడించారు. ఒక్క 'అవును' చాలు. అది కూడా రాకపోతే కళ్ళజోడు సర్దుకున్నా చాలు, మిగతాది నేను చెప్పుకుంటాను.

"కాదండి. ఆవిడే" అన్నారు.

ఎక్కడా తడబడలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అంత గడగడా మాట్లాడడం నేను వినలేదు.

నాకు బిరుదు ఇచ్చారు. భార్యని ప్రోత్సహించిన ఆదర్శ భర్త అని ఆయన్నీ పైకి పిలిచి ఒక శాలువా కప్పారు. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీశారు. ఆ ఫొటోలో నా మొహం చూసినవాళ్ళు పాపం ఎండకి వడిలిపోయేరు అంటారు.

బోడసకుర్రు రేవులో గోదావరి దాటే పంటు ఎక్కాం. పంటు కదిలింది. శాలువా మడత ఒళ్ళో పెట్టుకుని ఆయన నీళ్ళకేసి చూస్తున్నారు.

"ఎందుకు కాదన్నారు?" అన్నాను.

"ఒప్పుకుంటే రేపట్నించి వేదిక మీద ఆ కుర్చీ నాది. నేను కూర్చోలేను."

"నేను కూర్చోగలనని మీకెవరు చెప్పేరు?"

పంటు అవతలి ఒడ్డుకి చేరబోతుండగా, ఒక్కో మాటే కూడబలుక్కుని అన్నారు. "ఇంక రాయను. కొత్తవి లేకపోతే నిన్ను పిలవరు."

"నేను రాయడం మానమన్లేదండి. మీ పేరు వేసుకోమన్నాను."

"నా పేరు వేసుకోవడం, మానెయ్యడం నాకు రెండూ ఒకటే" అన్నారు.

అన్నట్టే మానేశారు. తెల్లవారుజామున నేను పొయ్యి రాజేసే వేళకి కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగా ఉండేది. ఆయన మంచం మీదే మెలకువగా పడుకుని ఉండేవారు. నా ఎర్ర సిరా పరీక్ష పేపర్లకి తప్ప పనికిరాకుండా పోయింది. మొదట్లో కోపంతో ఊరుకున్నాను. తర్వాత భయం వేసింది. ఆయన నాతో మాట్లాడే దారి అదొక్కటే అని తెలిసి కూడా ఎలా ఊరుకుంటాను?

"పోనీ నా పేరే ఉండనివ్వండి. ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తాను. రాయండి" అని బతిమాలాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను.

"రావట్లేదు" అన్నారు. మాట గురించి కాదు, కథ గురించి. ఆ రోజు వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

కొత్తవి లేకపోతే పిలవరనుకోవడం ఆయన అమాయకత్వం. బిరుదు వచ్చినవాళ్ళు రాస్తే ఎంత, రాయకపోతే ఎంత? ఎప్పటిలాగే పిలిచారు, ఎప్పటిలాగే వెళ్ళాం. కొబ్బరిచెట్ల చీర అంచు చిరిగితే బండారులంక నుంచి ఇంకోటి నేసి పంపారు.

ఎనభైల చివర్లో కొత్తపేట హైస్కూలు వార్షికోత్సవంలో ఒక ఆరో తరగతి పిల్ల లేచింది. ఎప్పుడూ అడిగే కాయ ప్రశ్నే అనుకున్నాను.

"మేడమ్ గారూ, మీరు మళ్ళీ కొత్త కథలు రాస్తున్నారాండీ?" అంది.

దీనికి బట్టీ పట్టిన జవాబు లేదు. అలవాటు కొద్దీ మొదటి వరసకేసి చూశాను. కళ్ళజోడు మీదకి చెయ్యి వెళ్తుందేమో అని ఆశగా చూశాను. ఆయన నన్ను చూస్తూనే జేబులోంచి మెల్లిగా రుమాలు తీశారు.

ఆ రోజు ఆయనకి జలుబు లేదు.

"రాస్తున్నానమ్మా" అన్నాను మైకులో. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. రుమాలు మడిచి జేబులో పెట్టుకుని ఆయన కూడా కొట్టారు.