వీపు మీద అక్షరాలు

ముప్పై ఏళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మా ఆయనకు చెప్పలేదు. అమ్మకు చెబుదామనుకునేలోపు అమ్మే పోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

బరంపురంలో మా బడిలో తెలుగు సెక్షన్ అంటే పదకొండు మంది ఆడపిల్లలం, ఒక టీచరమ్మ. మిగతా బడంతా ఒడియా. ఆవిడకు ఎడమ కంట్లో పువ్వు. నవ్వేవారు కాదు. చెప్పులు వరండాలోనే విప్పేసేవారు, వెనక వచ్చి నిలబడేదాకా మాకు తెలిసేది కాదు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ తెల్లకన్ను నిద్రలో కూడా మూతపడదని నేనే కనిపెట్టి, నేనే నమ్మి, అందరినీ నమ్మించాను.

అమ్మకు పొద్దస్తమానం నాన్నతో పాటు పప్పుల కొట్లోనే పని. నా తలనిండా పేలు. మధ్యాహ్నం అన్నాలయ్యాక టీచరమ్మ నన్ను మెట్టు మీద కూర్చోబెట్టుకుని, వేపనూనె రాసి దువ్వేవారు. మధ్యలో ఆగి, దువ్వెన కొనతో నా వీపు మీద ఒక అక్షరం రాసేవారు. అదేమిటో చెబితే ఇంకొకటి. 'ణ' దగ్గర చక్కిలిగింతకు మెలికలు తిరిగిపోయేదాన్ని. పుస్తకంలో చూస్తే బుర్రకెక్కని అక్షరాలన్నీ నాకు అలాగే వచ్చాయి.

రాలిన వెంట్రుకల్ని ఆవిడ కాగితంలో చుట్టి సంచిలో వేసుకునేవారు. వెంట్రుకలతో చిల్లంగి చేస్తారని, అది తగిలితే మనిషి ఎండిపోతుందని మా ఇళ్ళల్లో చెప్పుకునేవారు. ఇంకేం కావాలి నాకు? మన వెంట్రుకలు బొమ్మకు చుడుతోందని పిల్లలకు చెప్పాను. చెబుతుంటే నాకూ నిజంగానే ఒళ్ళు జలదరించింది. అక్కడిదాకా నాకు నేను సర్దిచెప్పుకోగలను, చిన్నపిల్లని కదా అని.

కానీ ఒక సాయంత్రం ఆవిడ వెనకాలే వెళ్ళాను. వీధి చివర చెత్తకుండీ దగ్గర ఆగి, ఆ పొట్లం అందులో పడేసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. అంతే. నాకెంత చప్పగా అనిపించిందో.

తర్వాతి వారం ఒక పిల్లకు జ్వరం పట్టుకుంది. నేను పుట్టించిన మాట విని, చిల్లంగే అంటూ తల్లులంతా బడికి వచ్చేశారు. టీచరమ్మ నాకు జడ వేస్తున్నారు, ఇంకా సగంలో ఉంది. అందరూ నావైపే చూశారు. ఆవిడే అడిగారు.

"నానేటి సేసినానో నువ్వు సూసినావేటమ్మా?"

"సూసినాను. బొమ్మకి సుట్టినారు."

ఎందుకన్నాను? భయమా? కాదు. చెత్తకుండీ కళ్ళారా చూశాక అది ఊహా కాదు. పిల్లల్లో నాకున్న గొప్ప పోతుందని, అంతకు మించి ఏమీ లేదు, ఎంత తవ్వి చూసుకున్నా నాకు ఇంకో కారణం దొరకలేదు.

"పిల్ల దడుసుకున్నాది. దాన్నింకేటీ అడగకండి," అన్నారు ఆవిడ తల్లులతో. నా జడ చివరిదాకా అల్లి, రిబ్బను కట్టి, అప్పుడు లేచారు.

నెల తిరక్కుండా అందరినీ ఒడియా సెక్షన్‌కు మార్చేశారు. టీచరమ్మ ఉద్యోగం పోయింది. అస్కాలో అన్నగారింటికి వెళ్ళిపోయారని విన్నాం. రెండేళ్ళ కిందట ధైర్యం చేసి అక్కడికి వెళ్ళి వాకబు చేశాను. ఆవిడ పోయి చాలా కాలమైందట.

నాతో చదివినవాళ్ళకు ఇప్పుడు తెలుగు మాట్లాడడమే వచ్చు. నేను రాస్తాను. మా అమ్మాయికి జడ వేస్తూ దాని వీపు మీద కూడా రాస్తాను. అది ఇంగ్లీషు బడిలో చదువుతున్నా ఇప్పటికి 'ణ' దాకా వచ్చింది. దువ్వెన పట్టుకున్న ప్రతిసారీ ఆ తల్లికి మనసులో దణ్ణం పెట్టుకుంటాను. పెట్టుకునే అర్హత ఉందా అంటే, తెలియదు.

టీచరమ్మా, ఆరోజు మీరడిగినదానికి జవాబు ఇది. చూశాను. చెత్తకుండీలో వేశారు.