గొర్రెల దొడ్డి నుంచి కోర్టు బోను దాకా

సహోదరులారా, పోలీసు జీపు చప్పుడు వింటేనే చెమటలు పట్టిన మనిషి ఈ రోజు మీ ముందు నిలబడి మాట్లాడుతున్నాడంటే, అది దేవుని కృపే గాని నా ధైర్యం కాదు.

కోస్గి దగ్గర మా ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు పొలం గట్టు మీద కొట్టుకుంటుంటే విడిపించబోయి నేనూ నిందితుణ్ణయ్యాను. స్టేషన్‌లో నోటీసు ఇచ్చి, కోర్టు పిలిచినప్పుడు రమ్మన్నారు, ఆ పిలుపు మాత్రం నాకు అందలేదు, ఒక మధ్యాహ్నం ఇద్దరు కానిస్టేబుళ్లు ఏకంగా నాన్‌బెయిలబుల్ వారెంటుతో మా సందులోకి వచ్చారు. బైబిల్లో దేవుడు పిలవగానే సమూయేలు పరుగెత్తాడు, మీ ముందున్న ఈ సమూయేలూ పరుగెత్తాడు, కాకపోతే వెనక గోడ దూకి గొర్రెల దొడ్డిలోకి!

మంచి కాపరిని నమ్మినవాణ్ణి గొర్రెల మధ్య ముడుచుకుని, "ప్రభువా, నేను దొంగను కాను, గని దొంగ లెక్క దాక్కున్న, తొవ్వ చూపియ్యి" అని ఏడ్చాను.

సాయంత్రం నా భార్య ఎస్తేరు అన్నంతో పాటు, తాను వెళ్లి అడిగొచ్చిన వకీలు మాట కూడా మోసుకొచ్చింది. పోలీసులు చార్జిషీటు వేశారట, కోర్టు సమన్లు పంపిందట, అలాంటి మనిషి లేడని అవి తిరిగి పోయాయట, అందుకే వారెంటు. కాగితాల్లో నేను కుర్మయ్యను, బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి ఊరందరికీ సమూయేలును! పోలీసులు పట్టుకుపోతే జైలే, నా అంతట నేనే వెళ్లి వారెంటు రద్దు చేయమని అడిగితే జడ్జిగారు వినొచ్చు, వినకపోవచ్చు కూడా.

"ఎన్ని దినాలు గిట్ల గొర్రెలల్ల పంటవ్? రేపు నడువు, నేనూ వస్త" అంది ఎస్తేరు.

మరునాడు కోర్టులో నా పాత పేరు పిలిచారు. బోనెక్కాను, తలుపు దగ్గర కానిస్టేబుళ్లు నిలబడ్డారు, జడ్జిగారు తల ఎత్తకుండా కాగితాలు తిప్పుతున్నారు. అప్పుడు, కొట్టు మూసుకుని మా వెంట వచ్చిన మా సందు దర్జీ ఖాజా భాయ్ చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"గా పేరుటోడు మా సందుల లేడని సమన్లు తెచ్చినాయనకు చెప్పింది నేనే సార్. నాకు సమూయేలే ఎరుక. ఈయనకు జమానత్ నేనుంట, పూచీ నాది."

ఏ వాయిదా తప్పినా మళ్లీ వారెంటే అని హెచ్చరించి, జడ్జిగారు ఆ వారెంటును రద్దు చేశారు. దేవునికే మహిమ!

కేసు ఇంకా నడుస్తోంది, తీర్పు ఏమవుతుందో తెలియదు, ప్రతి వాయిదాకూ వెళ్తున్నాను, ముందటి రాత్రి నిద్ర కూడా పడుతోంది. మీలో ఎవరైనా భయంతో ఎక్కడైనా దాక్కుని ఉంటే, బయటికి రండి, ప్రభువును నమ్మి నడవండి. మీకు తోడు నిలబడే మనిషిని ఆయన ఏ కొట్టులోంచైనా లేపుతాడు. ఆమేన్.