వేలిముద్రా, సంతకమా

మొన్న శ్రావణంలో రెండో శుక్రవారం, పొద్దున పదిన్నరకు నరసరావుపేట బస్టాండులో కూర్చుని ఉన్నాను. పాత బ్రోకరు ఫోనెత్తడు. అందుకని నా షేర్లన్నీ కొత్త బ్రోకరు దగ్గరికి మార్చమని కాగితం పెడితే తిప్పి పంపారు. ఖాతా తెరిచిననాడు వేలిముద్ర వేశాను. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి ఈసారి సంతకం చేశాను. రెండూ కలవలేదట.

"మళ్ళీ వేలిముద్రే వెయ్యి వదినా, ఇయ్యాలే పనైపోద్ది," అంటూ మా మరిది సిరా డబ్బా మూత తీశాడు. నా బొటనవేలు ముందుకు రాలేదు.

పక్కన కూరగాయల సంచితో కూర్చున్న ఒకామె మా మాటలు వింటూ ఉంది.

"ఏదక్కా, నీ సంతకం చూడనీ," అంది. చూపించాను. ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి నా పేరు పైకి చదివింది.

"చానా బాగుంది. ఫోనెత్తకపోతే పాత బ్రోకరు ఆఫీసుకే పో, ముందు వేలిముద్ర బదులు సంతకం ఎక్కించు, ఆనక షేర్లు మార్చుకో. నేనూ అట్టాగే చేశా. నెల ఆలస్యమైతే ఏంది, నీ షేర్లు యాడికి పోతయ్?"

డబ్బా మూత పెట్టి మా మరిది చేతికిచ్చింది. "ఇది నువ్వే దాచుకో అన్నా, నీకు పనికొచ్చిద్ది."

షేర్లు ఆలస్యంగానే వచ్చాయి, నా సంతకం మీదే వచ్చాయి.

ఆ పూట అక్కడ ఉన్నవాళ్ళు: మా మరిది కోటయ్య, నేను పేరైనా అడగని ఆమె, ఆమె పైకి చదివిన ఆదెమ్మ.