మాస్టారి చేతిలో గ్లాసు

ఎనభైల్లో ప్రకాశం జిల్లాలోని మా ఊరి హైస్కూల్లో తొమ్మిది చదువుతున్నాను. లెక్కల మాస్టారు ఇంట్లో కొలతకు వాడేదేదైనా తెమ్మన్నారు. సోలలూ గిద్దలూ అందరూ తెస్తారని, నేను నాన్న పత్తికి పురుగుమందు కొలిచే డబ్బా మూతను కడిగి పట్టుకెళ్ళాను.

అదేమిటని మాస్టారు అడగలేదు. "ఈ మూత ఎక్స్ అనుకోండి" అంటూ దాంతో నీళ్ళు పోశారు. పాతిక మూతలకు పావు లీటరు గ్లాసు నిండింది. "ఎక్స్ అంటే పది మిల్లీలీటర్లు!" అని బోర్డు మీద రాసి, దాహమేసిందేమో, ఆ గ్లాసే నోటి దగ్గరికి ఎత్తారు.

ఒక్క గెంతు గెంతి ఆయన చేతి మీద కొట్టాను. గ్లాసు ఎగిరి గోడకు తగిలింది.

"ఏమ్మా, పిచ్చెక్కిందా నీకు?"

"అది పత్తి మందు మూతండీ!"

ఆయన మొహం పాలిపోయింది. కుర్చీలో కూలబడ్డారు.

ఇంటికొచ్చి అమ్మకు చెబుతున్నాను. అమ్మ వింటూనే ఉప్పు డబ్బాలోంచి మూతతో ఉప్పు తీసి కూరలో వేసింది. అచ్చం అలాంటి మూతే!

"అమ్మా, అదెక్కడిది?"

"పోయినేటి మందు డబ్బాదేలే. కడిగాగా!"

రోజూ దాంతో కూరలో ఉప్పు వేసేది నేనే, అదేం మూతో ఏనాడూ పట్టించుకోలేదు. ఇన్నేళ్ళయినా ఉప్పు వేయబోతే నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.