హార్ప్ హిల్ జట్టుకు ఆడిన జేబెజ్ ట్రెగియర్

ఆస్ట్రేలియాలోని విక్టోరియా బంగారు గనుల ఊళ్లలో స్టోనీ క్రీక్ ఒకటి. ఆ ఊరి గనిలో జేబెజ్ ట్రెగియర్ కొయ్యపని చేసేవాడు. తవ్విన సొరంగం కప్పు కూలకుండా కింద గుంజలు నిలబెట్టి, పైన దూలాలు బిగించాలి. శనివారం మధ్యాహ్నం గని నుంచి పైకొచ్చాక ఊరి జట్టుకు ఫుట్‌బాల్, అదీ బంతిని చేత్తో కూడా పట్టుకునే ఆ దేశపు ఫుట్‌బాల్ ఆడేవాడు. అక్కడా ఇంచుమించు అదే పని. తమ గోలు గుంజల ముందు నిలబడి, వచ్చిన బంతిని వచ్చిన దారినే తన్ని పంపడం. పెద్దగా పరిగెత్తేవాడు కాదు. భారీ మనిషి కావడంతో, గుద్దుకున్న వాళ్లే కింద పడేవాళ్లు.

స్టోనీ క్రీక్‌కీ హార్ప్ హిల్‌కీ మధ్య ఒక్క గుట్టే అడ్డం. ఇవతల ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన మెథడిస్టులు, మందు ముట్టనివాళ్లు, ముట్టినా ఒప్పుకోనివాళ్లు. అవతల ఐర్లండ్ నుంచి వచ్చిన కాథలిక్కులు. నాలుగు గనుల ఊళ్లు కలిసి పోటీ పెట్టుకుని అప్పటికి రెండేళ్లు. అంతకుముందు ఈ రెండు ఊళ్లూ కొట్టుకోవడానికి వేరే కారణాలు వెతుక్కునేవి. ఆ బాధ తప్పింది.

పద్దెనిమిది వందల తొంభై ఒకటో సంవత్సరం, ఆ ఏటి మొదటి ఆటలోనే జేబెజ్ హార్ప్ హిల్ కెప్టెన్ మలాకీ కాన్సిడైన్ భుజం ఎముక విరగ్గొట్టాడు. కావాలని చేసింది కాదు. బంతి కోసం ఇద్దరూ ఒకేసారి వచ్చారు, ఒకడే నిలబడ్డాడు.

"ఒరేయ్ దున్నపోతా! నీకు కళ్లున్నాయా, కొమ్ములే ఉన్నాయా?" అని బురదలో పడుకునే అరిచాడు మలాకీ.

"నువ్వు పక్కకు తప్పుకోవాల్సింది" అన్నాడు జేబెజ్. అతను క్షమాపణ చెబుతున్నాడని ఎవరికీ అర్థం కాలేదు.

చలికాలం వానలకు హార్ప్ హిల్ గనిలో పాత సొరంగం గోడ తెగి నీళ్లు లోపలికొచ్చాయి. స్టోనీ క్రీక్ వాళ్లు అవతలి చర్చి గంట విని పంపులూ దుంగలూ బళ్లకెత్తి గుట్ట దాటారు. కూలిన చోట మళ్లీ దారి చేయడానికి జేబెజ్ దిగాడు. చనిపోయిన వాళ్లలో మలాకీ తమ్ముడు ఫింటన్ ఉన్నాడు. బురదలోంచి అతన్ని ఎత్తి గనిలోంచి పైకి లాగే బుట్టలో పడుకోబెట్టింది జేబెజే. పోయిన వాళ్లలో ముగ్గురు ఆటగాళ్లు. దెబ్బలు తగిలి మంచం పట్టిన వాళ్లు మరో ఇద్దరు.

తర్వాత పోటీ సంఘం కూర్చుంది. జట్టుకు ఇరవై మంది ఉండాలి, హార్ప్ హిల్‌కి లేరు, కాబట్టి ఈ ఏటికి వాళ్లను తప్పించి, మిగిలిన ఆటలు ఎదుటి జట్లు గెలిచినట్టు రాసుకుందామన్నారు. మలాకీ చెయ్యి మెడకు కట్టుకుని వచ్చాడు. "పదిహేను మందిమైనా ఆడతాం. వానలో మమ్మల్ని పొలిమేరలో నిలబెట్టకండి" అన్నాడు. నియమం ఒప్పుకోదన్నారు పెద్దలు.

వెనక బెంచీలోంచి జేబెజ్ లేచాడు. "మిగతా మూడు ఊళ్లమూ తలా ఒకణ్ణి ఇస్తే సరి."

గొల్లున నవ్వారు. "ఎవడు పోతాడోయ్ అక్కడికి?"

"నేను పోతా."

నవ్వు ఆగింది. కాసేపటికి మిగతా ఊళ్ల నుంచి కూడా ఒక్కొక్కడు చెయ్యెత్తాడు. ఇంకా తగ్గిన వాళ్లను హార్ప్ హిల్ తన ముసలాళ్లతో నింపుకుంది.

ఇంటికెళ్లేసరికి భార్య లవ్‌డే మాంసం, బంగాళదుంప పెట్టిన పేస్టీల అంచులు మడుస్తోంది. తలెత్తలేదు.

"ఏమయ్యా, హార్ప్ హిల్‌కి ఆడతావటగా? నాకు చెప్పాలని తోచలేదా?"

"ఇప్పుడేగా అన్నాను."

"నువ్వు గుమ్మం ఎక్కేలోపు పాస్టర్‌గారి భార్య వచ్చి చెప్పి వెళ్లింది. వాళ్ల కెప్టెన్ ఎముక విరగ్గొట్టావు. వాళ్లు నీది విరగ్గొట్టరని ఏం నమ్మకం?"

"నేనిప్పుడు వాళ్ల మనిషిని కదా."

"ఆ సంగతి వాళ్లకు తెలుసా?" అంది లవ్‌డే. అయినా శనివారానికి రెండు పేస్టీలు ఎక్కువే కట్టిచ్చింది.

జేబెజ్ తమ్ముడు హోసియా మాత్రం అన్నతో మాట మానేశాడు. స్టోనీ క్రీక్‌కి గోల్స్ కొట్టేది అతనే. గాల్లోకి లేచి జనం తలల మీంచి బంతి పట్టేవాడు. గనిలో అన్న పక్క సొరంగంలోనే పనిచేస్తూ, సుత్తి కావాల్సి వచ్చినా పక్కవాడితో అడిగించేవాడు.

హార్ప్ హిల్‌లో మొదటి రోజు జేబెజ్‌కు పట్టే జెర్సీ దొరకలేదు. మలాకీ తల్లి ఓనోరా ఆకుపచ్చ జెర్సీ ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. పక్కలు విప్పి, నల్ల గుడ్డ అతుకులు వేసి ఉంది.

"మా ఫింటన్‌ది నాయనా. నువ్వు బుట్ట పక్కన నిలబడితే చూశాగా. కొలత తీసుకోనక్కర్లేకపోయింది."

జేబెజ్ దాన్ని తల మీంచి తొడుక్కున్నాడు. మొహం కాసేపు అందులోనే ఉండిపోయింది.

మొదటి ఆట ఓడిపోయారు. తర్వాత గెలవడం మొదలైంది. మలాకీ ఆడలేక కంచె పక్కన నిలబడి గొంతు పోయేలా అరిచేవాడు. "నా భుజం విరిచినవాడు నా గోలు కాస్తున్నాడు. మా అమ్మ వీడికి టీ పోస్తోంది. నా బతుకు చూశారా!" అని వచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేవాడు. చెప్పేటప్పుడు నవ్వేవాడు.

ఆఖరి శనివారం స్టోనీ క్రీక్‌తో, స్టోనీ క్రీక్ మైదానంలో ఆట పడింది. గెలిచిన వాళ్లదే ఆ ఏటి పోటీ. ముందురోజు మలాకీ గుట్ట దాటి వచ్చాడు.

"రేపు నువ్వు ఆడకపోయినా మేమేమీ అనుకోం. సొంత ఊరు, సొంత తమ్ముడు."

"కూర్చుంటే రెండు ఊళ్లూ తిడతాయి. ఆడితే ఒక్క ఊరే తిడుతుంది" అన్నాడు జేబెజ్.

ఆకుపచ్చ జెర్సీతో మైదానంలోకి రాగానే, ఆదివారం పక్కన కూర్చుని ప్రార్థన పాటలు పాడేవాళ్లే హేళనగా కూశారు. లవ్‌డే మెల్లగా నడిచి వెళ్లి అతను కాసే గుంజల వెనక నిలబడింది. ఎవరి వైపని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆట ముగియబోయే వేళకు రెండు జట్ల గోల్సూ సమానం. గుంజల ముందు నేలంతా బురద. బంతి ఎత్తుగా వచ్చింది. హోసియా లేచాడు, జేబెజూ లేచాడు. దిగేటప్పుడు జేబెజ్ కాలు జారి వెల్లకిలా పడ్డాడు. బంతి హోసియా చేతుల్లో ఉంది. బంతిని గాల్లోనే పట్టాడు కాబట్టి అడ్డు లేకుండా తన్నే హక్కు అతనిదే. తన్నాడు. గోలు పడింది, ఆట ముగిసిందని గంట మోగింది.

హార్ప్ హిల్ జనంలోంచి ఒకడు అరిచాడు. "అన్నదమ్ములు కూడబలుక్కున్నారు! కావాలని పడ్డాడు!"

దాంతో మరో నలుగురు అందుకున్నారు. జేబెజ్ లేచి వీపు మీద బురద దులుపుకున్నాడు. అప్పుడు హోసియా తిన్నగా కంచె దగ్గరకు నడిచాడు. గడ్డం నిండా రక్తం. అరచేయి చాచాడు. అందులో పన్ను ఉంది.

"గాల్లో ఉండగా మోచేత్తో ఇచ్చాడు మా అన్న. ఇదిగో చూసుకో. ఆట అమ్ముకున్నవాడు ఇలా కొడతాడట్రా? అమ్ముకుంటే నా పళ్లు నాకుండేవిగా!"

ముందు మలాకీ నవ్వాడు. తర్వాత కంచె పొడుగునా నవ్వులు సాగాయి. అరిచినవాడు టోపీ ముందుకు లాక్కుని జనంలో కలిసిపోయాడు. హోసియా వెనక్కి తిరిగి, "నీ దుంప తెగ, ముందు పన్నేరా అది" అన్నాడు అన్నతో. ఆ చలికాలమంతటిలో అన్నతో అతను మాట్లాడిన మొదటి మాట అదే.

"నువ్వు పక్కకు తప్పుకోవాల్సింది" అన్నాడు జేబెజ్. హోసియాకు అర్థమైంది.

మరుసటి ఏడు స్టోనీ క్రీక్ జట్టులో జేబెజ్ చోటు ఇంకొకరికిచ్చారు. సాకులు చాలా చెప్పారు. అతను వాదించకుండా గుట్ట దాటి హార్ప్ హిల్‌కే, మోకాలు పాడయ్యేదాకా మరికొన్నేళ్లు ఆడాడు. పోటీ ఎన్నడూ గెలవలేదు. గనులు వట్టిపోతున్న రోజుల్లో హోసియా పశ్చిమాన కొత్త బంగారం పడిందని వెళ్లిపోయాడు. జేబెజ్, మలాకీ కలిసి రెండు ఊళ్ల మధ్య దారిలో కలప అడితి పెట్టుకున్నారు. దుంగ కొనడానికొచ్చిన వాళ్లు వీళ్ల వాదన అయ్యేదాకా నిలబడాల్సి వచ్చేది.